గ్రంథాలయంలో నేను చదివిన పుస్తకాల జాబితాను తొలగించమని అడగవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీరు తొమ్మిదేళ్లుగా ఒక ప్రజా గ్రంథాలయంలో సభ్యులు. ఈమధ్య ఆన్‌లైన్ ఖాతా తెరిచి చూస్తే, ఎప్పుడో తిరిగి ఇచ్చేసిన పుస్తకాల పేర్లన్నీ తేదీలతో సహా కనిపించాయి. అవి ఇంకా ఎందుకు ఉన్నాయి, ఇంకెవరు చూడగలరు, తొలగించమంటే సభ్యత్వానికి ఏమైనా ఇబ్బంది వస్తుందా అని అడిగారు. నేను ఒక ప్రజా గ్రంథాలయంలో 14 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి ఐదేళ్లు సభ్యుల వివరాలకు సంబంధించిన అర్జీలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. తొలగించమని మీరు నిస్సంకోచంగా అడగవచ్చు. పాత జాబితా లేకపోయినా మీ సభ్యత్వం నడుస్తుంది, ఎందుకంటే గ్రంథాలయానికి నిజంగా అవసరమైనది ఇప్పుడు మీ దగ్గర ఏ పుస్తకం ఉంది అన్న ఒక్క విషయమే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా దగ్గర బ్రౌన్ పద్ధతి ఉండేది. ప్రతి సభ్యునికీ చిన్న జేబులాంటి టికెట్లు ఇచ్చేవారు. పుస్తకం తీసుకునేటప్పుడు అందులోని కార్డును బయటికి తీసి, సభ్యుని టికెట్‌లో దూర్చి, గడువు తేదీ ప్రకారం చెక్క ట్రేలో నిలబెట్టేవాళ్లం. పుస్తకం తిరిగి రాగానే కార్డు పుస్తకంలోకి, టికెట్ సభ్యుని చేతిలోకి వెళ్లిపోయేవి. ఆ పుస్తకాన్ని ఆ మనిషి చదివినట్టు చెప్పే కాగితం ముక్క ఆ తరువాత ఎక్కడా మిగిలేది కాదు. పుస్తకం కార్డు మీదే సభ్యుని నంబరు రాసే నెవార్క్ పద్ధతిలో ఈ సుగుణం లేదు. మీకు ముందు ఎవరెవరు చదివారో ఆ కార్డే చెబుతుంది. గోప్యత అన్న మాట మా నోట ఎప్పుడూ వినిపించని ఆ రోజుల్లో, మా చెక్క ట్రే దాన్ని తనంతట తానే కాపాడింది.

కంప్యూటర్ వచ్చాక ఆ మరుపు పోయింది. పుస్తకం వాపసు వచ్చినట్టు నమోదు చేసినప్పుడు ఆ లావాదేవీ ముగుస్తుంది గాని చెరిగిపోదు; సాధారణంగా పాత లావాదేవీల పట్టికలోకి మారుతుంది, అంతే. మీ ఖాతాలో కనిపించినవి అవే. గ్రంథాలయాలు తలచుకుంటే దీన్ని మార్చవచ్చు. ఉదాహరణకు, న్యూజీలాండ్‌లోని ఒక గ్రంథాలయ సంస్థ కోసం 1999లో రూపొంది, ఇప్పుడు ఎన్నో దేశాలలో వాడుతున్న కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, చదివిన పుస్తకాల చరిత్రను ఎప్పటికీ ఉంచాలా, గ్రంథాలయం నిర్ణయించిన గడువు వరకే ఉంచాలా, పుస్తకం తిరిగి ఇచ్చిన వెంటనే సభ్యుని పేరు నుంచి విడదీయాలా అన్నది సభ్యులే ఎంచుకునే వీలుంది. గ్రంథాలయం ఆ వీలును తెరిచి ఉంచితేనే అది సభ్యులకు కనిపిస్తుంది. మేము వాడిన సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి అమరిక ఉండేది. అది ఉందని మాలో ఎవరూ చూసుకోలేదు.

మా కళ్లు తెరిపించింది ఒక పాఠకురాలు. తన గురించి గ్రంథాలయం దగ్గర ఉన్న సమాచారం మొత్తానికీ నకలు కావాలని ఆమె రాతపూర్వకంగా అడిగారు. అచ్చు తీసింది నేనే. 31 పుటలు వచ్చాయి. మొదటి పుటలో పేరు, చిరునామా, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ ఉన్నాయి. మిగిలిన 30 పుటలూ పుస్తకాల పేర్లే. ఆమె కౌంటర్ దగ్గరే నిలబడి చివరి నుంచి తిరగేస్తూ వచ్చి, ఒక పుట దగ్గర ఆగి, వరుసగా ఉన్న ఆరు పేర్ల మీద వేలు ఆనించి ఉంచారు. ఆరు పుస్తకాలూ ఒకే జబ్బు గురించినవి. "ఈ సంగతి మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదండీ" అని మెల్లగా అన్నారు. ఆ తరువాత మొదటి పుటలో అడుగున, గమనిక అన్న గడిలో మా సిబ్బంది ఎప్పుడో టైపు చేసిన ఒక వాక్యం ఆమె కంటపడింది: "ఫోన్ ఎత్తరు, బకాయి విషయం భర్తకు చెప్పాలి." ఆమెను ఎక్కువగా బాధపెట్టింది జబ్బు పుస్తకాల జాబితానా, ఈ వాక్యమా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆమె ఎదుట నిలబడి క్షమాపణ చెప్పుకోవడం తప్ప నాకు మరో మాట రాలేదు. మీరు నకలు అడిగేటప్పుడు ఈ గమనికల గడిని కూడా చేర్చమని ప్రత్యేకంగా రాయండి. అందులోనిది కూడా మీ వ్యక్తిగత సమాచారమే.

చదివిన పుస్తకాల జాబితా మనిషి ఆరోగ్యాన్ని, విశ్వాసాన్ని, రాజకీయ అభిప్రాయాన్ని, దాంపత్యంలోని కష్టాన్ని కూడా బయటపెట్టగలదు. ఈ వృత్తిలో ఉన్నవారు దీన్ని చాలాకాలం కిందటే గుర్తించారు. పాఠకుల గురించి తెలిసిన సొంత విషయాలను రహస్యంగా ఉంచడం గ్రంథపాలకుల బాధ్యత అని అమెరికా గ్రంథాలయ సంఘం 1939లోనే తన నీతి నియమావళిలో రాసుకుంది. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఇఫ్లా 2015లో గోప్యతపై ప్రత్యేకంగా ఒక ప్రకటన వెలువరించింది.

చట్టం విషయానికి వస్తే, జీడీపీఆర్ అని అందరూ పిలిచే ఐరోపా డేటా రక్షణ నిబంధనలు 2018 మే 25 నుంచి అమలులో ఉన్నాయి. వాటిలోని 15వ అధికరణం కింద మీ వివరాల నకలు, 16వ అధికరణం కింద తప్పుల సవరణ, 17వ అధికరణం కింద తొలగింపు కోరవచ్చు. నెల రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. క్లిష్టమైన సందర్భాలలో మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోనూ సమాచారం పొందడం, సవరణ, తొలగింపు, ఫిర్యాదుల పరిష్కారం హక్కులుగా ఉన్నాయి. మీరు ఉన్నచోట వర్తించే చట్టం పేరును అర్జీలో ఒక్క వాక్యంలో ప్రస్తావిస్తే చాలు, దాన్ని పక్కన పడేయడం ఎవరికీ అంత తేలిక కాదు.

ఏవి తొలగించలేరో కూడా చెప్పాలి. ఇప్పుడు మీ దగ్గర ఉన్న పుస్తకం, చెల్లించవలసిన ఆలస్య రుసుము, లెక్కల తనిఖీ కోసం చట్టప్రకారం ఉంచవలసిన రసీదులు అలాగే ఉంటాయి. ఒక పుస్తకం ఏడాదిలో ఎన్నిసార్లు బయటికి వెళ్లిందన్న సంఖ్య ఉంటుంది గాని, అందులో మీ పేరు ఉండనవసరం లేదు. బ్యాకప్ ప్రతులలోని వివరాలు వెంటనే పోవు. పాత బ్యాకప్ మీద కొత్తది పడేవరకు ఉంటాయి. ఆ గడువు ఎంతో అడిగి, జవాబును రాతలో తీసుకోండి.

ఇంకెవరు చూడగలరు అన్న ప్రశ్నకు కౌంటర్‌లోని సిబ్బంది, సాఫ్ట్‌వేర్ నిర్వహణ సంస్థ అన్నది మొదటి జవాబు. ఈ-పుస్తకాలు తీసుకుంటే వాటిని అందించే సంస్థ దగ్గర మరో జాబితా తయారవుతుంది. గ్రంథాలయం తన జాబితాను చెరిపివేసినా అది చెరగదు కనుక అక్కడ విడిగా అడగవలసిందే. అధికారులు అడిగే సందర్భాలూ ఉంటాయి. 2005లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, ఒక కంప్యూటర్‌ను వాడినవారి వివరాలు ఇవ్వాలని, ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నుంచి ఉత్తర్వు అందినప్పుడు, నలుగురు గ్రంథపాలకులు దాన్ని కోర్టులో సవాలు చేశారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఎవరూ అడగకుండా ఎత్తుకుపోయేవారు వేరే ఉన్నారు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద జరిగిన సైబర్ దాడిలో దాదాపు 600 గిగాబైట్ల డేటా దొంగల పాలైంది, అందులో వాడుకరుల వివరాలూ ఉన్నాయి. అంత పెద్ద సంస్థకే ఆ గతి పట్టినప్పుడు, ఒకరిద్దరు సిబ్బందితో నడిచే గ్రంథాలయం ఎన్ని తాళాలు వేయగలదు? అవసరం తీరిన వివరాన్ని ఉంచుకోకపోవడమే అన్నిటికన్నా గట్టి తాళమని నేను నమ్ముతున్నాను. ఆ పాఠకురాలి అర్జీ తరువాత మా దగ్గర వాపసు వచ్చిన పుస్తకానికీ సభ్యునికీ ఉన్న లంకె 30 రోజులకు తెగిపోయేలా మార్చాం. పాడైన పుస్తకం సంగతి తేల్చడానికి ఆ గడువు మాకు ఎప్పుడూ సరిపోయింది.

సర్వర్ల గురించి ఆలోచించేవారు కౌంటర్ మీద తెరిచి ఉన్న రిజిస్టర్‌ను తరచుగా మరిచిపోతారు. మా ఇంటర్నెట్ గది గుమ్మం దగ్గర దారంతో కట్టిన పెన్నుతో ఒక పుస్తకం ఉండేది. వచ్చినవారు పేరు, ఫోన్ నంబరు, సమయం రాయాలి. పైవరుసలలోని నంబర్లు తరువాత వచ్చినవారందరికీ కనిపించేవి. ఆ నంబర్లలో ఒకదానికి అపరిచితుల ఫోన్లు మొదలయ్యాయని ఒక యువతి వచ్చి చెప్పేవరకు అది తప్పని మాకు తోచలేదు. రిజర్వు చేసిన పుస్తకాల అరలో పూర్తి పేరు రాసిన చీటీలదీ అదే కథ. కార్డు నంబరులోని చివరి నాలుగు అంకెలు సరిపోతాయి. మీ గ్రంథాలయంలో ఇలాంటివి కనిపిస్తే అర్జీతోపాటు అవి కూడా రాయండి.

ఇక అర్జీ. నోటిమాటగా అడిగితే అది కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. గ్రంథపాలకుని పేరిట కాగితం మీదనో ఈమెయిల్‌లోనో రాసి, తేదీ వేసి, అందినట్టు జవాబు కోరండి. ముందు అంతటికీ నకలు అడగండి, తొలగింపును ఆ తరువాత అడగండి, ఎందుకంటే ఒకసారి పేరుతో లంకె తెగితే మీ తొమ్మిదేళ్ల చదువు జాబితాను తిరిగి కూర్చడం వారి వల్ల కూడా కాదు. ఆ జాబితా మీకు ప్రియమైనది కావచ్చు. గుర్తింపు కోసం సభ్యత్వ కార్డు చూపితే చాలు. కొత్త పత్రాల నకళ్లు అడిగితే ఎందుకో రాతలో చెప్పమనండి. కుటుంబ సభ్యులు మీ తరఫున వచ్చి అడిగినా వివరాలు ఇవ్వవద్దని అందులోనే రాయవచ్చు. కూతురు ఏం చదువుతోందో చెప్పమని వచ్చిన తండ్రులను, భార్య ఖాతా చూపమని వచ్చిన భర్తలను నేను చాలామందినే వెనక్కి పంపాను, అందరూ మర్యాదగా వెళ్లలేదు.

ఆ పాఠకురాలు కూడా తొలగింపు కోరే ముందు నకలు ఉంచుకున్నారు. వేలు ఆనించిన పుటను నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో విడిగా పెట్టుకుని, మిగిలినవాటిని కవరులో తీసుకువెళ్లారు. మరుసటి వారం వచ్చి, నా తెర మీద తన ఖాతాలో పాత పుస్తకాలు ఒక్కటీ లేవని స్వయంగా చూసుకున్నాకే కొత్త పుస్తకం తీసుకున్నారు. మీరు కూడా మీ ఖాతా తెరిచి అలాగే సరిచూసుకోండి.