నిజాంపేట ఇంటికి లిస్టు పంపే ముందు

అమ్మడూ,

మాఘంలో గృహప్రవేశం పెట్టుకున్నారనీ, కొత్త ఇంట్లోకి ఏమేం కావాలో విష్‌లిస్టు రాసి చుట్టాలకీ స్నేహితులకీ లింకు పంపబోతున్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్లో చెప్పింది. "అడుక్కున్నట్టు ఉండదా అక్కా" అని దాని దిగులు. నాకు మాత్రం ముచ్చటేసింది. గోడ గడియారాలు ఎనిమిది, వెంకటేశ్వరస్వామి పటాలు పదకొండు వచ్చి అటకెక్కడం ఏ గృహప్రవేశంలోనైనా చూసేదే. ఇచ్చినవాళ్ల డబ్బూ దండగే, మీ ఇంట్లో చోటూ దండగే. "ఏం తెమ్మంటావు?" అని అడిగినవాళ్లకు చెప్పడానికి ఒక లిస్టు ఉండడం తప్పు కాదు. భయం నాకూ ఉంది కానీ అది వేరే భయం. ముందు తేలికైనవి రాసేస్తాను.

పిలుపు ముందు, లిస్టు తర్వాత. శుభలేఖలో లింకు పెట్టకు, ఫ్యామిలీ గ్రూపులో అసలే పెట్టకు. బొట్టు పెట్టి పిలవవలసిన వాళ్లను ఇంటికి వెళ్లి పిలవండి, దూరాన ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. ఆ తర్వాత ఎవరైనా అడిగితేనే, అడిగిన ఒక్కరికే లింకు. ఫోన్ వాడకం రాని పెద్దవాళ్లు అడిగితే లిస్టు మొత్తం చదవకు. వాళ్ల స్తోమతకు తగినవి రెండు చెప్పి ఊరుకో.

మీరు పిలిచేది ఇంచుమించు 70 కుటుంబాలని మీ అమ్మ అంది. 70 వస్తువులు రాయకు. సగం మంది కవరే ఇస్తారు, కొందరు తమకు నచ్చిందే తెస్తారు. 38, 40 వస్తువులు చాలు. అందులో 16 దాకా 500 రూపాయల లోపువే ఉండాలి: పప్పుగుత్తి, కొబ్బరి కోరు, జల్లెడల సెట్టు, పోపుల డబ్బా, డోర్‌మ్యాట్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, తులసి కుండీ, ఇత్తడి ప్రమిదలు. పన్నెండు 1,500 లోపు, ఎనిమిది 4,000 లోపు, ఆపైన రెండో మూడో, అవీ నలుగురు కలిసి కొనేవే. చాకులూ కత్తెరలూ రాయకు, శుభకార్యానికి పదునైనవి ఇవ్వడానికి పెద్దవాళ్లు జంకుతారు. పుట్టింటి బట్టలు, పసుపు కుంకుమ, మీ ఆడపడుచు పాలు పొంగించే గిన్నె, ఇవి లిస్టులోకి రానే రాకూడదు. అవి వాళ్ల హక్కు. వాటికి ధరా వరసా కట్టావంటే వియ్యాలవారి ముందు మీ అమ్మ తల దించుకోవాలి.

ఇక ఎలా రాయాలో విను. ఆన్‌లైన్ దుకాణం లింకు ఒక్కటే పెడితే పదిరోజుల్లో సరుకు అయిపోవచ్చు, ధర మారిపోవచ్చు. కొనేవాళ్లు ఏం చేయాలో తోచక ఇంకో గడియారం తెస్తారు. వస్తువు కొలతలు మాటల్లో రాయి. "మిక్సీ" అని కాదు, "మిక్సీ, 750 వాట్లు, మూడు జార్లు, ఏ కంపెనీ అయినా" అని. కుక్కర్ అయితే "5 లీటర్లు, ఇండక్షన్ స్టవ్ మీదకు పనికొచ్చే అడుగు, ఐఎస్ఐ గుర్తు ఉన్నది". ఇద్దరే ఉన్నారని 3 లీటర్లది రాయకు, నలుగురు చుట్టాలొస్తే రెండుసార్లు పెట్టాలి. దుప్పట్లకు "డబుల్" అంటే ఒక్కో కొట్లో ఒక్కో కొలత. మీ పరుపు 72 బై 78 అంగుళాలైతే దుప్పటి 108 బై 108 అని రాస్తే నాలుగు వైపులా కిందికి దిగుతుంది. పరదాలకు కిటికీకి 5 అడుగులు, గుమ్మానికి 7, బాల్కనీ తలుపుకు 9 దొరుకుతాయి. రాడ్డు దగ్గర నుంచి కొలుచుకుని రాయి, ఫ్రేము దగ్గర నుంచి కాదు.

వాటర్ ప్యూరిఫయర్ రాస్తావని తెలుసు. ఆగు. ముందు ఆ అపార్టుమెంటులో వచ్చేది బోరు నీళ్లా, హైదరాబాద్ జలమండలి నీళ్లా అని కనుక్కో. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే చిన్న టీడీఎస్ మీటరుతో కొలిచి చూడు. మన ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదు. అంతకంటే తక్కువుంటే మామూలుగా లవణాలు వడకట్టే ఆర్‌ఓ అక్కర్లేదు, కాంతితో క్రిములను చంపే యూవీ చాలు. అక్కర్లేని ఆర్‌ఓ పెడితే వచ్చిన నీళ్లలో చాలా భాగం మోరీలోకే పోతాయి. నలుగురు డబ్బులేసుకుని కొన్నాక "ఇది మాకు పనికిరాదు" అని చెప్పలేవు.

కలిసి కొనేదానికి, ఫ్రిజ్జో వాషింగ్ మెషీనో, డబ్బు పోగుచేసేది ఒక్కరే ఉండాలి. అది నువ్వు కాకూడదు. ముహూర్తానికి 20 రోజుల ముందు గడువు పెట్టండి. డబ్బు సరిపోకపోతే చిన్న సైజు కొంటారా, తిరిగి ఇచ్చేస్తారా, ఆ ముక్క మొదటే చెప్పాలి. బిల్లు మీ పేరున ఉండాలి, వారంటీ దాని తేదీ నుంచే లెక్క. కొనేముందు వంటింట్లో ఫ్రిజ్జు చోటు వెడల్పు, గుమ్మం వెడల్పు, లిఫ్టు తలుపు వెడల్పు మూడూ కొలిచి పంపు. మొదటిది ఒక్కటే కొలిచి కొని, లిఫ్టులో పట్టక నాలుగంతస్తులు మోయించడం మామూలు సంగతి. వెనకా పక్కలా గాలి ఆడే జాగా కూడా లెక్కలో వేసుకో.

పార్సెళ్లు కొత్త ఫ్లాటుకు రప్పించొద్దు. ముహూర్తం దాకా అక్కడ ఎవరూ ఉండరు, వాచ్‌మన్ గదిలో పడి ఉంటాయి, తిరిగి పంపే గడువు దాటిపోతుంది. మీ అమ్మ ఇంటికే రానీ. వచ్చిన రోజే ప్యాకెట్టు విప్పి, పనిచేస్తుందో లేదో చూసి మళ్లీ మూసి పెట్టమను.

ఇక నా భయం సంగతి.

మనవాళ్లలో తరతరాలుగా ఒక పొరపాటు ఉంది. పెళ్లి పందిట్లో ఒక బల్ల, దాని ముందు లెక్క రాసే ఆయన, చేతిలో మైకు. "ఫలానా ఊరి ఫలానావారు, వెయ్యిన్నూట పదహార్లు" అని గట్టిగా చదివేవారు. చదివింపులు అన్న పేరులోనే ఉంది ఆ చదవడం. ఇచ్చింది మాసిపోకుండా, రేపు వాళ్లింట్లో శుభకార్యానికి తిరిగి చదివించడానికి పుస్తకంలో రాసుకోవడం మంచి అలవాటే. కుటుంబాలు ఒకదానికొకటి ఆసరాగా నిలబడింది ఆ పుస్తకం వల్లే. పొరపాటు పుస్తకంలో లేదు, మైకులో ఉంది. 51 రూపాయలు తెచ్చుకున్న మనిషి, ముందువాడి 1,116 వినిపించాక బల్ల దగ్గరికి రాడు. భోజనాలయ్యాక మైకు ఆపేదాకా స్తంభం చాటున నిలబడతాడు. ఇంకో పెళ్లికి ఒంట్లో బాగాలేదని కబురు పంపుతాడు. ఆ మనిషి ఎందుకు రాలేదో ఎవరూ అడగరు. అలా చిన్నగా, గొడవ లేకుండా, ఒక ఇల్లు చుట్టరికంలోంచి జారిపోతుంది.

నువ్వు పంపబోయే గూగుల్ షీటు ఆ మైకే తల్లీ. వస్తువు, ధర, తీసుకున్నవారి పేరు అని మూడు నిలువు గడులు గీస్తావు. వంద మంది చూస్తారు. ఎవరు ఎంతలో కొన్నారో పక్కపక్కనే. పందిట్లో మైకు ఒక పూటే మోగేది, ఇది నెలరోజులు కళ్ల ముందుంటుంది.

అందుకని షీటులో పేర్ల గడి వద్దు, ధరల గడీ వద్దు. వస్తువు, కొలతలు, "ఉంది" లేదా "తీసుకున్నారు", అంతే. పేర్లూ ధరలూ ఉన్న లెక్క మీ తమ్ముడి దగ్గర వేరే ఫైలులో ఉండాలి. అదే ఫైలులో గడిని దాచిపెడితే చాలదు. చూడడానికి మాత్రమే అనుమతి ఉన్నవాళ్లు కూడా ఫైలును తమకు కాపీ చేసుకుంటే దాచిన గడులు తెరుచుకోవచ్చు. కాబట్టి రెండు ఫైళ్లు. అందరికీ ఇచ్చే లింకు "వ్యూయర్" గానే ఉండాలి. "ఎడిటర్" ఇచ్చావంటే ఎవరో పెద్దాయన ఫోన్లో వేలు జారి పది వరసలు చెరిపేస్తాడు. వెర్షన్ హిస్టరీలోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు, నిజమే, కానీ ఈలోపు ఇద్దరు ఒకే మిక్సీ కొంటారు. కావలసినవాళ్లు తమ్ముడికి ఫోనో వాట్సాపో చేస్తే వాడే గుర్తు మారుస్తాడు. ఎవరేం తీసుకున్నారో పండగయ్యేదాకా నీకు చెప్పొద్దను.

ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి తట్టదు. లింకు చేరగానే ముందు తెరిచేది కుర్రకారు. జీతాలు బాగా వచ్చేవాళ్లే తొందరలో 300 రూపాయల జల్లెడలు తీసేసుకుంటారు. తెనాలి వైపు మీ తాతయ్య తమ్ముడి ఇంట్లో సాయంత్రం మనవడు బడి నుంచి వచ్చి ఫోన్ తెరిచేసరికి 4,000 పైవే మిగులుతాయి. ఆ ఇంటివాళ్లు అప్పు చేసి కొంటారు, లేదంటే రావడం మానేస్తారు. రెండూ మనకు తగవు. అందుకే చిన్న వస్తువుల్లో పది మొదట బయటపెట్టకు. తమ్ముడి దగ్గరే ఉంచి, వారం ఆగి ఐదు, పది రోజులాగి ఐదు షీటులోకి ఎక్కించమను. వాళ్ల ఇంట్లో సంగతి తెలిసిన మీ అమ్మ ఏ ఇద్దరు ముగ్గురికి ఏవి అట్టేపెట్టాలో చెబుతుంది. షీటు పైన "మీరు రావడమే మాకు కావాలి" అని రాస్తే సరిపోదమ్మా. ఆ మాట అందరూ రాస్తారు. 500 లోపు వస్తువు చివరి రోజు దాకా ఒక్కటైనా మిగిలి ఉందా అన్నదే నేను చూస్తాను.

నీమీద కేకలేస్తున్నట్టు ఉందా? నీ మనసు నాకు తెలుసు. తెలిసి ఎవరినీ నొప్పించవు. తెలియక జరిగేదాని గురించే ఇంత రాశాను.

కవర్ల మాట కూడా చెప్పాలి. బహుమతిగా వచ్చిన డబ్బు మీద పన్ను మినహాయింపు పెళ్లికి ఉంది, గృహప్రవేశానికి లేదు. దగ్గరి బంధువులు ఇచ్చినదానికి పన్ను లేదు. కానీ చట్టం లెక్కలో మీ పెదనాన్న కొడుకూ బాబాయి కూతురూ ఆ వరసలోకి రారు. స్నేహితులూ రారు. అలాంటివాళ్లందరి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన డబ్బు కలిపి 50,000 దాటితే, దాటిన ముక్క మీద కాదు, మొత్తం మీద పన్ను పడుతుంది. అల్లుడికి ఈ సంగతి చెప్పు. కవర్లు విప్పేటప్పుడు సంబంధం కూడా పుస్తకంలో రాసుకుంటే మార్చిలో వెతుక్కోనక్కర్లేదు.

ఆ రోజు తలుపు దగ్గర ఇద్దరిని కూర్చోబెట్టు, ఒక మార్కరు, ఒక పేపర్ టేపు చుట్ట ఇచ్చి. ప్యాకెట్టు చేతికి రాగానే టేపు మీద అంకె వేసి అంటించాలి. రెండోవాళ్లు అదే అంకె పక్కన పేరూ ఊరూ రాయాలి. ఎంత, ఏమిటి అని అక్కడ అడగకూడదు, అవి రాత్రి మీరిద్దరే రాసుకోండి. రంగు కాగితం మీద అంటించిన పేరు చీటీ ఊడిపోవడం వల్లే సగం బహుమతులు ఎవరివో తెలియకుండా పోతాయి. రిటర్న్ గిఫ్టు అందరికీ ఒకటే. వారంలోపు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వాళ్లిచ్చిన వస్తువు పేరు పెట్టి చెప్పు: "పిన్నీ, మీ పోపుల డబ్బాలోనే ఇవాళ తాలింపు వేశాను" అని.

మొదటి షీటు ఆదివారానికి నాకు పంపు, అంకెలు చూసి చెబుతాను. రెండు లీటర్ల గ్రైండరు రాశావని మీ అమ్మ చెప్పింది. దాని పక్కన "తీసుకున్నారు" అని తమ్ముడిచేత పెట్టించు. పేరు మాత్రం వద్దు.

మీ పెద్దమ్మ