మొసళ్ల కొలనులో నీరు పచ్చబడి కంపు కొడుతోంది. ఏం చేయాలి?

ప్రశ్న: మాకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. ఈమధ్య ఒక గుర్తింపు పొందిన జూలో మొసళ్ల కొలను పని కూడా చూస్తున్నాను. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున మీటరు లోతున్న సిమెంటు కొలను. పెద్ద మగ్గర్ మొసళ్లు రెండున్నాయి. నీళ్లు మార్చిన నాలుగో రోజుకే పచ్చబడి కంపు వస్తోంది. చెరువులో లాగే సున్నం, బ్లీచింగ్ చల్లవచ్చా? జిలేబీ చేపలు వదిలితే నాచు తింటాయంటున్నారు, నిజమేనా?

జవాబు: పచ్చరంగు చూసి టెన్షన్ పడకండి. మొసలి పైకి వచ్చి గాలి పీల్చే జంతువు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి మీ చేపలు పడే అవస్థ దానికి లేదు. నీలిపచ్చ తెట్టు మందంగా కడితే మాత్రం వెంటనే నీళ్లు మార్చాలి.

కంపు సంగతి వేరు. మాంసం ముక్కలు, కొవ్వు, మలం అడుగున కుళ్లుతున్నాయని దానర్థం. అలాంటి నీళ్లలో బ్యాక్టీరియా పెరిగి, మొసళ్లు ఒకదాన్నొకటి కరుచుకున్న గాట్లు పుళ్లవుతాయి. మేత ఎక్కడ వేస్తున్నారో మీరు రాయలేదు. గట్టు మీద నుంచి నీళ్లలోకి విసురుతుంటే సగం జబ్బు అక్కడే ఉంది. ఒడ్డున వాలుగా ఉన్న సిమెంటు దిమ్మ మీద పెట్టించండి. లాక్కెళ్లి నీళ్లలోనే మింగడం వాటి అలవాటే అనుకోండి, అయినా మిగిలింది ఒడ్డునే ఉంటుంది, సాయంత్రానికల్లా తీసేయవచ్చు. కొవ్వు తీసేసిన ముక్కలు, లేదంటే ఒక్కసారికి మింగగలిగే చేపలు మంచివి. పెద్దవాటికి వారానికి ఒకసారి మేత చాలు. ఒళ్లు 30 నుంచి 33 డిగ్రీల వేడిలో ఉంటేనే వాటికి బాగా అరుగుతుంది, అందుకే చలికాలంలో ఇంకా తగ్గించాలి.

సున్నం వద్దు. నీటి పీహెచ్ పెరిగితే కళ్లు మండుతాయి, ఉన్న అమ్మోనియా మరింత ఘాటెక్కుతుంది. బ్లీచింగ్ ఖాళీ కొలనుకే. ముందు జిగురంతా బ్రష్‌తో రుద్ది కడగాలి, మురికి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తర్వాత 10 లీటర్ల నీటికి 7 గ్రాముల చొప్పున కలిపి పూసి, అరగంట ఆగి శుభ్రంగా కడిగేయండి. ఆ సమయంలో మొసళ్లు పక్క ఎన్‌క్లోజర్‌లో, తాళం వేసిన గేటు అవతల ఉండాలి. ఒంటరిగా లోపలికి దిగవద్దు.

మీ కొలనులో 48 వేల లీటర్లున్నాయి. ప్రతిసారీ అంతా తోడేయనక్కర్లేదు, అడుగు నీళ్లు పోతే చాలు. నీటిమట్టం నిలిపే పైపుకు అంతకంటే లావుపాటి, పొడవైన ఇంకో పైపు తొడిగి, దాని కింది అంచున బెజ్జాలు పెట్టించండి. అప్పుడు పైనీళ్లకు బదులు అడుగు మురికి బయటికి వస్తుంది. రోజూ కొంచెం వదిలి, అంతే నింపండి. చలికాలంలో ఓవర్‌హెడ్ ట్యాంకులో రాత్రంతా చల్లబడ్డ నీళ్లు పొద్దున్నే వదలకండి, మధ్యాహ్నం నింపండి. బయటికి పోయే నీళ్లలో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, మీ చేపల చెరువుల్లోకో పశువుల తొట్టిలోకో చేరనివ్వకండి.

జిలేబీలు నాచు తినే మాట నిజమే, కానీ అవీ మలం వేస్తాయి, పైగా మొసళ్లకే మేతవుతాయి. గుర్రపుడెక్క అసలు వద్దు, దాని కింద మొసలి ఎక్కడుందో కనిపించదు. మొక్కలతో వడకట్టాలంటే కంచె బయట మెట్టతామర మడి వేసి నీళ్లు దాని గుండా తిప్పండి.

పొట్ట కింద ఎర్రబడినా, కళ్లు మూసుకుపోయినా జూ పశువైద్యునికి ఆరోజే చూపించండి.

ఇది చదివి మొసళ్లు పెంచుదామనుకునే రైతులకు ఒక మాట: 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మగ్గర్ అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లో ఉంది, సొంతంగా పెంచడం నేరం.