ఘాట్ రోడ్డు: గేరు మీద దిగండి

ప్రశ్న: కారు నేర్చుకుని ఆరు నెలలైంది. వచ్చే నెల నలుగురం కలిసి విశాఖ నుంచి అరకు వెళ్దామనుకుంటున్నాం. 1.2 లీటర్ల పెట్రోలు బండి, మాన్యువల్ గేర్లు. ఎత్తు ఎక్కేటప్పుడు మలుపులో ఇంజన్ ఆగిపోయి బండి వెనక్కి జారుతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?
– గాజువాక పాఠకురాలు

జవాబు: శృంగవరపుకోట దాటి బొడ్డవర దాకా మీకు అలవాటైన రోడ్డే. ఆ తర్వాత ఎక్కుడు మొదలై, అనంతగిరికి వెళ్లేకొద్దీ ముదురుతుంది. కొత్తవాళ్లకు బండి ఆగిపోయేది ఎక్కువగా ఒకే కారణంతో. మూడో గేరులోనే మలుపులోకి వెళ్తారు, సగంలో బండి ముక్కుతుంది, అప్పుడు కంగారుగా గేరు వెతుకుతారు. గేరు మలుపుకు ముందే దించేయాలి. ఎక్కువ మలుపులకు సెకండ్ చాలు. ఎడమవైపు తిరిగే హెయిర్‌పిన్‌లో (పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు) మాత్రం లోపలి వైపు మనకే వస్తుంది. అక్కడ మలుపు ఇరుకు, రోడ్డు కూడా బాగా నిటారు. ఫస్టు వేయడానికి మొహమాటపడకండి. ఇంజన్ 2,000 నుంచి 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య ఉంటే బండి హాయిగా లాగుతుంది. నలుగురూ సామానూ ఉన్నప్పుడు నిటారు చోట ఏసీ కాసేపు ఆపండి, తేడా కాలికే తెలుస్తుంది.

మధ్యలో ఆగాల్సి వస్తే హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగండి. ఫస్టు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కి బానెట్ కొద్దిగా లేచినట్టు అనిపించిన చోట కాలు ఆపి, యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించండి. ఇల్లు వదిలే ముందు ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కుడులో, రద్దీ లేనప్పుడు పదిసార్లు చేసి చూడండి. లారీ వెనక ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగం నొక్కి ఉంచి, బండిని నిలబెట్టడం మాత్రం వద్దు. రెండు మూడు నిమిషాలకే క్లచ్ ప్లేటు మాడు వాసన వస్తుంది. వస్తే వెడల్పాటి చోటు చూసి పక్కకు తీసి, అరగంట చల్లారనివ్వండి.

ప్రశ్న: శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగుతుంటే మాడు వాసన వచ్చింది. కాసేపటికి బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి పోయింది. మెకానిక్ చూసి ప్యాడ్లు బాగానే ఉన్నాయన్నాడు. మరి లోపం ఎక్కడ?
– మార్కాపురం పాఠకుడు

జవాబు: ప్యాడ్లు బాగానే ఉండి ఉంటాయి. లోపం బ్రేకు ఆయిల్‌లోనో, మీ కాలిలోనో, లేక రెండింటిలోనూ ఉంది. మనుషులతో కలిపి 1,200 కిలోల బండి 800 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకోండి. ఆ ఎత్తు ఇచ్చిన శక్తంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. అది దాదాపు 30 లీటర్ల నీళ్లను మరిగేదాకా కాచేంత వేడి. గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజన్ మింగుతుంది. పై గేరులో, కాలు బ్రేకు మీదే ఆనించి దిగితే దాదాపు అంతా డిస్కులకూ డ్రమ్ములకూ పోతుంది.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయినట్టు. మీకు జరిగినట్టు మెత్తబడితే బ్రేకు ఆయిల్ మరిగినట్టు. ఆ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి, మీ కాలి బలం ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించాలనేది అందుకే. చాలామంది ఇంజన్ ఆయిల్ తేదీ గుర్తుంచుకుంటారు గానీ దీని ఊసే ఎత్తరు.

ఇకపై దిగుడు మొదలవ్వకముందే గేరు తగ్గించండి. ఏ గేరులో ఎక్కారో దానిలోనే, నిటారు చోట్ల ఇంకొకటి తగ్గించి దిగండి. ఇంజన్ 3,500 దగ్గర అరుస్తుంటే భయపడక్కర్లేదు, అది పని చేస్తున్న శబ్దం. వేగం 40కి చేరితే బ్రేకు రెండు మూడు సెకన్లు గట్టిగా నొక్కి 30కి దించి, కాలు పూర్తిగా తీసేయండి. వదిలిన ఆ వ్యవధిలోనే డిస్కుకు గాలి తగులుతుంది.

పెడల్ మళ్లీ లోపలికి పోతే గబగబా పంపు కొడుతూ గేర్లు ఒక్కొక్కటే దించండి. హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి ఉంచి కొంచెం కొంచెంగా లాగండి. అదీ చాలకపోతే కొండ వైపుకు రాసుకుంటూ ఆపండి, లోయ వైపు కాదు. ఆగాక కాలిన డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకర పోతాయి. గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి అరగంట ఆగండి.

ప్రశ్న: న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని మా బాబాయి అంటారు. నిజమేనా?
– పాడేరు పాఠకుడు

జవాబు: కార్బ్యురేటర్ కాలపు మాట అది. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ ఆగకుండా ఉండడానికి కాలుస్తూనే ఉంటాయి. మీ బాబాయి గారి పద్ధతిలో పెట్రోలూ పోతుంది, బ్రేకులూ పోతాయి. కొందరు ఇంజనే ఆపేస్తారు. రెండు మూడుసార్లు నొక్కేసరికి బ్రేకు బూస్టర్ (మీ కాలికి బలం కలిపే భాగం) సాయం అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది.

ప్రశ్న: మాది ఆటోమేటిక్. గేర్లే లేవు కదా, మరి ఎలా దిగాలి?
– కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: ఉన్నాయి, దాక్కున్నాయంతే. మామూలు గేర్లనే బండి తనంతట మార్చుకునే ఏఎంటీ అయితే లివర్ ‘ఎం’లోకి జరిపి రెండో గేరు పట్టుకోండి. బెల్టుతో నడిచే సీవీటీలో ‘ఎల్’ గానీ ‘ఎస్’ గానీ ఉంటుంది, అది వేయండి. ‘డి’లో వదిలేస్తే బండి తనంతట తనే పై గేరుకు పోయి జోరందుకుంటుంది. ఏఎంటీని ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, లోపల ఉన్నది మామూలు క్లచ్చే. ఎలక్ట్రిక్ కారైతే కొండపైన 100 శాతం చార్జి చేయకండి. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్‌కు (మోటారే బండిని పట్టి ఆపుతూ చార్జి చేయడం) చోటుండదు, ఆ బ్రేకింగ్ తగ్గిపోతుంది.

ప్రశ్న: గేర్లు లేని స్కూటర్ మీద ఇద్దరం తిరుమల వెళ్లి రావచ్చా?
– రేణిగుంట పాఠకుడు

జవాబు: వెళ్లొచ్చు, దిగేటప్పుడే జాగ్రత్త. స్కూటర్‌కు వేగంలో ఉన్నంతసేపు ఇంజన్ కొద్దిగా పట్టి ఉంచుతుంది. బాగా నెమ్మదించాక క్లచ్ విడిపోయి, బండి ఒట్టి చక్రాల మీద జారుతుంది. అక్కడ మీకు మిగిలేవి బ్రేకులే. వెనక డ్రమ్ము ఒక్కదాన్నే నమ్ముకోకండి. రెండూ కలిపి నొక్కి, వదిలి, మళ్లీ నొక్కండి. మలుపులో వాలి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. కింద అలిపిరిలో సమయం చూస్తారు కదా, దిగడానికి కనీసం 40 నిమిషాలు. సుమారు 19 కిలోమీటర్లకు లెక్కేస్తే గంటకు 28 మాత్రమే. దారిలో ఎక్కడో ఆగి టైమ్‌పాస్ చేసే బదులు ఆ వేగంతోనే రండి.

ప్రశ్న: ఇరుకు చోట ఎదురెదురు పడితే ఎవరు ఆగాలి? మంచులో హైబీమ్ వేయాలా?
– చింతపల్లి పాఠకుడు

జవాబు: దిగే బండే ఆగాలి, రూలూ అదే చెప్తుంది. ఎక్కేవాడు ఆగితే నిటారులో మళ్లీ కదలడం కష్టం. హెయిర్‌పిన్‌లో బస్సుకు రోడ్డంతా కావాలి. హారన్ వినగానే మలుపుకు ఇవతలే ఆగండి, లోపలికి వెళ్లి ఇరుక్కోకండి. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు చాలు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపకండి, మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. అద్దం లోపల చెమ్మ పట్టేస్తే బట్టతో తుడవకుండా ఏసీ వేసి గాలిని అద్దం వైపు తిప్పండి, కాసేపట్లో తేలిపోతుంది.