మూడు వారాలు పాయింట్లు రాకపోతే వైల్డ్‌కార్డ్ వాడేయాలా?

మీరు అడిగింది: ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లోని నిజమైన ఆటగాళ్లతో 100 మిలియన్లలో 15 మంది టీమ్ కట్టి, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు తెచ్చుకునే ఆన్‌లైన్ ఆట) మూడు వారాలుగా ర్యాంక్ పడిపోతోంది, ఇద్దరు ఆటగాళ్లు గాయపడ్డారు, మూడు ఫ్రీ ట్రాన్స్‌ఫర్లు, అంటే పాయింట్ల కోత లేకుండా చేసుకునే మార్పులు, చేతిలో ఉన్నాయి, ఎంతమందినైనా కోత లేకుండా ఒకేసారి మార్చుకోనిచ్చే వైల్డ్‌కార్డ్ వాడి టీమ్ మొత్తం మార్చేయనా అని.

వద్దండీ. ఇదే పరిస్థితిలో నేను ఆ బటన్ నొక్కాను. ఆ సీజన్ మొత్తం అది నన్ను వదల్లేదు.

2024-25 సీజన్ మొదట్లో నా టీమ్‌లో లివర్‌పూల్ సలా ఉన్నాడు, చెల్సీ పామర్ ఉన్నాడు, మాంచెస్టర్ సిటీ హాలండ్ లేడు. ఒక్కడి మీదే 15 మిలియన్లు పెడితే మిగతా 14 మందికి ఏం మిగులుతుందని నా లెక్క. రెండో వారం ఇప్స్‌విచ్ మీద హాలండ్ మూడు గోల్స్ కొట్టాడు. మూడో వారం వెస్ట్‌హామ్ మీద మళ్లీ మూడు. కెప్టెన్ పాయింట్లు రెట్టింపవుతాయి కదా, అతన్ని కెప్టెన్‌గా పెట్టుకున్నవాళ్లంతా తెలిసినవాళ్లతో కలిసి ఆడే మినీ లీగ్‌లో నన్ను దాటి వెళ్లిపోయారు. సరిగ్గా అప్పుడే దేశాల మ్యాచ్‌ల కోసం లీగ్‌కి విరామం వచ్చింది. రెండు వారాలు చూడ్డానికి ఆట లేదు, ఊరికే టీమ్ తెరిచి చూసుకుంటూ టెన్షన్ పడటం తప్ప. వైల్డ్‌కార్డ్ నొక్కేశాను.

నాకు అప్పుడు కావలసింది ఒక్క హాలండ్. మార్చింది తొమ్మిది మందిని. పాయింట్లు కోత పడవు కదా అని, బాగా ఆడుతున్నవాళ్లని కూడా తీసేస్తూ పోయాను. వైల్డ్‌కార్డ్‌లో ఉన్న అసలు ప్రమాదం ఇదేనని నా గట్టి నమ్మకం. సలా, హాలండ్ ఇద్దరికే 100 మిలియన్లలో 27కి పైగా పోయింది కాబట్టి ఖరీదైనవాడు ఇంకొకడు వెళ్లక తప్పలేదు. పామర్‌ను పంపించాను. రెండో వారం వుల్వ్స్ మీద చెల్సీ ఆటగాడు మదువెకె కొట్టిన మూడు గోల్స్‌కీ బంతి అందించింది అతనే. అది తెలిసీ పంపించాను.

నాలుగో వారం హాలండ్‌కు రెండు గోల్స్, పామర్‌కు ఏమీ లేదు. నా నిర్ణయం సరైందే అనుకున్నాను. ఆ తర్వాతి వారం పామర్ ఒకటి కొడితే పట్టించుకోలేదు. ఇక ఆరో వారం, సెప్టెంబర్ 28. నా కెప్టెన్ హాలండ్ న్యూకాజిల్‌లో గోల్ లేకుండా ఆట ముగించాడు. ఆ తర్వాత చెల్సీ, బ్రైటన్ మ్యాచ్ మొదలైంది. 21వ నిమిషంలో పామర్ మొదటి గోల్. 41వ నిమిషానికి నాలుగోది. ప్రీమియర్ లీగ్‌లో మొదటి సగంలోనే నాలుగు గోల్స్ కొట్టిన మొదటి ఆటగాడు అతనే. ఫాంటసీలో 25 పాయింట్లు, కెప్టెన్‌గా పెట్టినవాళ్లకు 50. సగం ఆట అయ్యాక మ్యాచ్ కట్టేశాను. ఫుట్‌బాల్‌లో అంత అద్భుతం జరుగుతుంటే చూసి ఆనందించలేకపోయానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తొందరపడటానికి ఇంకో కారణం, జనం కొనేదాన్ని బట్టి మారే ఆటగాళ్ల ధరలు. పొద్దున్న లేచేసరికి ఫలానావాడి ధర 0.1 మిలియన్ పెరుగుతుందని భయపెట్టే వీడియోలు చూసి జనం టీమ్‌లు పాడుచేసుకుంటున్నారు. పెరిగిన దాంట్లో అమ్మేటప్పుడు మనకొచ్చేది సగమే. 10.5కి కొన్నవాడు 10.9 అయితే 10.7కే అమ్ముడవుతాడు. మళ్లీ కొనాలంటే పూర్తిగా 10.9 పెట్టాలి. ఇక డెడ్‌లైన్ అన్యాయం సరేసరి. మొదటి మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు టీమ్ మూసేస్తారు, ఎవరు ఆడుతున్నారో చెప్పేది 75 నిమిషాల ముందు. ఆ పదిహేను నిమిషాలు జరిపితే ఎవరికి నష్టం?

పామర్‌తో అయిపోలేదు. డిసెంబర్ 21న క్రిస్టల్ ప్యాలెస్ మీద ఆడుతూ నా టీమ్‌లోని ఆర్సెనల్ ఆటగాడు సాకా తొడ కండరం పట్టేసి బయటికి వెళ్లిపోయాడు. అప్పటికే నా టీమ్‌లోని మరో ఆరుగురు తమ క్లబ్బుల్లో బెంచ్‌కి పరిమితమయ్యారు. వెంటవెంటనే మ్యాచ్‌లు మీదపడే రోజులవి, సీజన్ మొదటి సగానికి ఇచ్చే వైల్డ్‌కార్డ్ సరిగ్గా అలాంటి సమయానికే పనికొస్తుంది. నాదేమో సెప్టెంబర్‌లోనే అయిపోయింది. ఫ్రీ ట్రాన్స్‌ఫర్ మిగల్లేదు కాబట్టి ఒక్కొక్కరికి నాలుగు చొప్పున ఎనిమిది పాయింట్లు కోత పెట్టించుకుని ఇద్దర్ని మార్చుకున్నాను, మిగతావాళ్లతో అలాగే నెట్టుకొచ్చాను.

అందుకే ఇప్పుడు నేను ఒక్కటే లెక్కపెడతాను: పాయింట్లు రానివాళ్లెంతమంది అని కాదు, అసలు మైదానంలోకే దిగనివాళ్లెంతమంది అని. ఆడుతూ, గోల్ ముందు అవకాశాలు తెచ్చుకుంటున్నవాడికి పాయింట్లు ఈ వారం కాకపోతే వచ్చేవారం వస్తాయి. గాయంతోనో, చోటు పోగొట్టుకునో కూర్చున్నవాళ్లు ఆరుగురు దాటితే వైల్డ్‌కార్డ్. అంతకు తక్కువైతే ట్రాన్స్‌ఫర్లే చాలు. ఒకప్పుడు రెండుకి మించి దాచుకోనిచ్చేవారు కాదు. 2024-25 నుంచి ఐదు దాకా దాచుకోవచ్చు, అదే ఒక చిన్న వైల్డ్‌కార్డ్.

మీ దగ్గర కూర్చున్నవాళ్లు ఇద్దరే, ట్రాన్స్‌ఫర్లు మూడు. శుక్రవారం మేనేజర్లు విలేకరులతో మాట్లాడేదాకా ఆగి ఆ ఇద్దర్నే మార్చండి. మూడోది దాచుకోండి. దేశాల మ్యాచ్‌ల విరామం వస్తే మాత్రం ఆ రెండు వారాలు టీమ్ తెరవకండి.