ఆ ఏడాది లీగ్ సగటు ఎక్కడ?

చిరంజీవికి,

బేస్‌బాల్ బ్యాటర్ల మీద నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. చెయ్యి బాగానే తిరిగింది. కానీ 1930లో 0.401 సగటు (అంటే వెయ్యి ప్రయత్నాలకు 401 హిట్లు) కొట్టిన బిల్ టెర్రీ పక్కన 1968లో 0.301తో బ్యాటింగ్ టైటిల్ గెలిచిన యాస్ట్రెమ్స్కీ పేరెత్తడమే దండగ అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

1930లో టెర్రీ ఆడిన నేషనల్ లీగ్ మొత్తం సగటే 0.303. 1968లో యాస్ట్రెమ్స్కీ ఆడిన అమెరికన్ లీగ్ సగటు 0.230. అది బంతి విసిరే పిచర్ల రాజ్యం. మరుసటి ఏడాది పిచర్ నిలబడే దిబ్బ, అదే మౌండ్, ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి తగ్గించాల్సి వచ్చింది. కాగితం తీసుకుని భాగించు. టెర్రీ తన లీగ్ కంటే 32 శాతం పైన ఉంటే, యాస్ట్రెమ్స్కీ 31 శాతం పైన ఉన్నాడు. ఇద్దరికీ తేడా ఏముంది?

బ్యాటర్ అంకె రాస్తే పక్కనే ఆ ఏడాది లీగ్ సగటు ఉండి తీరాలి. ఒకసారి ఒక ఎడిటర్ నా వ్యాసంలో ఆ సగటులన్నీ కొట్టేసి, 'ఆల్ టైమ్ టాప్ 10' అని పేరు పెట్టి వేశాడు. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు.

అమెరికా వచ్చిన కొత్తలో గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. రేడియోలో ఆట వింటూ, రోజూ కాఫీకి వచ్చే ఒక నల్లజాతి పెద్దాయనతో బేబ్ రూత్ గురించి ఊగిపోతూ చెప్పాను. 1920లో రూత్ 54 హోమ్ రన్‌లు (బంతి మైదానం దాటే దెబ్బలు) కొట్టాడు. అమెరికన్ లీగ్‌లో మిగతా ఏ జట్టూ, అందరూ కలిసి కూడా, అన్ని కొట్టలేదు. పెద్దాయన అంతా విని, "అతనికి బంతి వేసింది ఎవరు బాబూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

1947 ఏప్రిల్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ అడుగుపెట్టేదాకా ఆ కాలపు మేజర్ లీగ్‌లలో నల్లవాళ్లకు చోటే లేదు. నల్లవాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగ్‌లలో ఆడిన జాష్ గిబ్సన్ అంతకు మూడు నెలల ముందే, 35 ఏళ్లకే పోయాడు. 2024లో నీగ్రో లీగ్‌ల లెక్కలు మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక, 0.372 కెరీర్ సగటుతో అప్పటిదాకా మొదటివాడైన టై కాబ్‌ను దాటి పైన నిలిచాడు. నువ్వు అతనికి ఇచ్చింది ఒక్క వాక్యం. అందులోనూ 'చిన్న లీగ్ లెక్క' అన్నావు. ఆ మాట కొట్టెయ్.

1941లో 0.406 కొట్టిన టెడ్ విలియమ్స్, 1966లో బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో తన సన్మానం రోజునే, గిబ్సన్, నీగ్రో లీగ్‌ల పిచర్ సాచెల్ పేజ్ లాంటివాళ్లకూ ఇక్కడ చోటు దక్కాలని వేదిక మీద అడిగాడు. నీ వ్యాసంలో విలియమ్స్‌కి రెండు పేజీలున్నాయి, ఈ సంగతి లేదు. అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టి రాసి పంపు.

ఆశీస్సులతో.