జీఎస్టీ నంబరు లేకపోతే ఇన్‌వాయిస్ చెల్లదా?

ప్రశ్న: గుంటూరులో ఉంటూ వెబ్‌సైట్లకు డిజైన్లు చేస్తాను. ఏడాదికి ఏడెనిమిది లక్షలు వస్తాయి. జీఎస్టీ నంబరు లేదు. బెంగళూరు కంపెనీ ఒకటి ట్యాక్స్ ఇన్‌వాయిస్ పంపితేనే డబ్బు వేస్తామంటోంది. ఏం చేయాలి?

జవాబు: నంబరు లేనంత మాత్రాన మీ బిల్లు చెల్లకుండా పోదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవలు అందించేవారికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వేరే రాష్ట్రం క్లయింటుకు పనిచేస్తే మొదటి రూపాయి నుంచే నంబరు ఉండాలని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. సేవల విషయంలో ఆ నిబంధనను 2017 అక్టోబరులోనే సడలించారు.

పైన ఉత్త 'ఇన్‌వాయిస్' అని రాసి పంపండి. 'ట్యాక్స్ ఇన్‌వాయిస్' అనకండి, 18 శాతం లైను అసలే వేయకండి. రిజిస్టర్ కానివారు పన్ను వసూలు చేయకూడదని కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. వసూలు చేస్తే ఆ సొమ్ము ప్రభుత్వానికి కట్టాల్సిందే. క్లయింటుకు దానిమీద క్రెడిట్ (ఆ పన్నును తన జీఎస్టీ బాకీలోంచి తగ్గించుకునే వీలు) కూడా రాదు.

బిల్లులో ఉండాల్సినవి: పాన్ కార్డులో ఉన్నట్టే మీ పేరు, చిరునామా, పాన్, వరుస నంబరు, తేదీ, క్లయింటు పూర్తి పేరు, చిరునామా, పని వివరం, మొత్తం, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ. 'డిజైన్ చార్జీలు' అని ముక్తసరిగా రాస్తే సరిపోదు. 'హోమ్ పేజీ, నాలుగు లోపలి పేజీల డిజైన్, ఫలానా తేదీ వర్క్ ఆర్డరు ప్రకారం' అని రాస్తే తర్వాత పేచీ ఉండదు. కింద 'జీఎస్టీ కింద రిజిస్టర్ కాలేదు, టర్నోవర్ పరిమితి లోపే ఉన్నందున పన్ను వేయలేదు' అని ఒక వాక్యం చేర్చండి. అకౌంట్స్ వాళ్ల ప్రశ్నలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

పాన్ ఎందుకంటే, ఒక కంపెనీ మీకిచ్చే వృత్తి ఫీజు ఏడాదిలో 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తుంది. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం. ఆధార్‌తో లింకు చేయక పాన్ పనిచేయకుండా పోయినా అంతే. టీడీఎస్‌ను మీరే తీసేసి బిల్లు వేయకండి. బిల్లు పూర్తి మొత్తానికి ఉండాలి, కోయడం వాళ్ల పని. కోసింది మీ పాన్ కింద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి.

ప్రశ్న: మాది విజయవాడ. ఈ ఏడాది 20 లక్షలు దాటేలా ఉంది. క్లయింట్లలో ఎక్కువమంది హైదరాబాద్‌వాళ్లు. బిల్లులో ఏం మార్చాలి?

జవాబు: ముందు లెక్క సరిగ్గా వేసుకోండి. మీ పాన్ మీద వచ్చే ఇంటి అద్దె, విదేశీ క్లయింట్ల డబ్బు కూడా ఆ 20 లక్షల్లో కలుస్తాయి. జీతం కలవదు. పరిమితి దాటిన 30 రోజుల్లో దరఖాస్తు చేస్తే రిజిస్ట్రేషన్ దాటిన రోజు నుంచే అమల్లోకి వస్తుంది. సర్టిఫికెట్ చేతికొచ్చేలోపు ఇచ్చిన బిల్లులకు, అది వచ్చిన నాటి నుంచి నెల లోపు సవరించిన ఇన్‌వాయిస్‌లు ఇవ్వొచ్చు. చాలామంది ఈ సంగతి మరిచిపోయి ఆ మధ్యకాలపు పన్ను జేబులోంచి కట్టుకుంటారు.

ఇక ట్యాక్స్ ఇన్‌వాయిస్‌లో పైన చెప్పిన పేర్లు, చిరునామాలకు తోడు మీ జీఎస్టీ నంబరు, క్లయింటు జీఎస్టీ నంబరు, సేవ కోడు (సేవ రకాన్ని తెలిపే అంకెలు), పన్నుకు ముందు విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం, సేవ అందిన రాష్ట్రం, రివర్స్ చార్జి (పన్నును క్లయింటే కట్టే పద్ధతి) వర్తిస్తుందా లేదా అన్నది, సంతకం లేదా డిజిటల్ సంతకం ఉండాలి. కంపెనీలకిచ్చే బిల్లుల్లో, టర్నోవర్ 5 కోట్ల లోపువారికి సేవ కోడు నాలుగంకెలు చాలు. ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. 25-26/014 లాంటిది సరిపోతుంది. గీత, ఏటవాలు గీత తప్ప వేరే గుర్తులు వాడకండి.

ఎక్కువ తప్పులు జరిగేది పన్ను రకంలో. క్లయింటు జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూడండి. 37 ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ. మీ సేవకు 18 శాతం రేటైతే, 37కు సీజీఎస్టీ (కేంద్ర వాటా) 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర వాటా) 9. 36కు ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సేవలపై పన్ను) 18. కొన్ని కంపెనీలకు రెండు రాష్ట్రాల్లోనూ నంబర్లుంటాయి కాబట్టి ఏ నంబరుపై బిల్లు కావాలో ముందే అడగండి. పొరపాటున ఒకటికి బదులు మరొకటి కడితే సరైన పన్ను మళ్లీ కట్టి, తప్పు కట్టినదానికి రీఫండ్ అడగాలి. వడ్డీ పడదు గానీ, అన్నాళ్లూ డబ్బు ఇరుక్కుంటుంది.

ఇంటీరియర్ డిజైనర్లు, ఆర్కిటెక్టులు మాత్రం కట్టడం ఏ రాష్ట్రంలో ఉందో చూడాలి. విజయవాడ ఆఫీసుకు హైదరాబాద్ కంపెనీ పని చేయించుకున్నా అది ఆంధ్ర సేవే. తెలంగాణ నంబరు మాత్రమే ఉంటే ఆ కంపెనీకి క్రెడిట్ దొరకదు. కొటేషన్ దశలోనే చెప్పేయడం మంచిది.

ప్రశ్న: సగం అడ్వాన్స్ తీసుకుని ప్రొఫార్మా ఇన్‌వాయిస్ ఇస్తున్నాను. చాలా?

జవాబు: రిజిస్టరైతే చాలదు. ప్రొఫార్మా కొటేషన్ లాంటిదే. సేవలకు అడ్వాన్స్ అందిన నెల లెక్కలోనే దానిమీద జీఎస్టీ కట్టాలి, రసీదు వోచరు ఇవ్వాలి. పని పూర్తయిన 30 రోజుల్లో మొత్తానికి ఇన్‌వాయిస్ వేసి, అడ్వాన్సును అందులో తగ్గించి చూపండి.

ప్రశ్న: అమెరికా క్లయింటుకు డాలర్లలో బిల్లు వేస్తాను. జీఎస్టీ నంబరుంది. 18 శాతం వేయాలా?

జవాబు: ఎగుమతి నిబంధనలకు సరిపోతే అక్కర్లేదు. ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) దాఖలు చేయండి. దాని గడువు మార్చి 31తో ముగుస్తుంది, ఏప్రిల్ మొదటి బిల్లుకు ముందే కొత్తది వేయాలి. బిల్లు మీద క్లయింటు దేశం పేరు, లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ కింద ఇంటిగ్రేటెడ్ ట్యాక్స్ కట్టకుండా చేసిన ఎగుమతి అన్న ప్రకటన ఉండాలి. ఇన్‌వాయిస్ తేదీ నుంచి ఏడాదిలో, లేదా విదేశీ మారకద్రవ్య నిబంధనలిచ్చే గడువులో, ఏది తర్వాతైతే దాని లోపు డబ్బు రావాలి. ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే విదేశీ రెమిటెన్స్ పత్రాన్ని ఆ బిల్లుతో కలిపి దాచండి.

ప్రశ్న: బిల్లుకు రెవెన్యూ స్టాంపు అంటించాలా?

జవాబు: బిల్లుకు అక్కర్లేదు. 5 వేలు మించిన నగదు అందుకుని రసీదు రాసిస్తే, దానికి రూపాయి స్టాంపు.

ప్రశ్న: బిల్లు పంపి మూడు నెలలైనా డబ్బు రాదు. బిల్లులో ఏదైనా రాస్తే పనవుతుందా?

జవాబు: ఉద్యమ్ పోర్టల్‌లో (చిన్న సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు) ఉచితంగా రిజిస్టరై ఆ నంబరు బిల్లుపై వేయండి. ఇది తప్పనిసరి కాదు, కానీ పనిచేసే వివరం. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. గడువు తేదీని బిల్లులోనే రాయండి, రిజిస్ట్రేషన్ పని మొదలయ్యే ముందే ఉండేలా చూసుకోండి. బాకీ పడ్డాక తీసుకున్న ఉద్యమ్ నంబరు ఆ పాత బిల్లుకు అక్కరకు వస్తుందని నమ్మలేం.