బాగున్నవాళ్ళతో మీకేం పని?

(ఈ శీర్షికకు జవాబులు రాస్తున్నది చెన్నైలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మన పెద్దాయన.)

ప్రశ్న: మొన్న పెరంబూరులో మా చెల్లెలి కొడుకు రిసెప్షన్. తెల్లారేలోగా ముప్పైమందికి పైగా వాంతులు. హెల్త్ వాళ్ళిద్దరు వచ్చి జబ్బు పడ్డవాళ్ళ వివరాలు రాసుకున్నారు, బాగానే ఉంది. ఏమీ కానివాళ్ళ ఫోన్ నంబర్లు కూడా కావాలన్నారు. "బాగున్నవాళ్ళతో మీకేం పని?" అని మా బావగారు కసిరి పంపేశారు. ఐస్‌క్రీమ్ వల్లేనని అందరికీ తెలుసు. ఇంకా విచారణ దేనికి?
- ఒక పాఠకురాలు, కొరుక్కుపేట

జవాబు: అమ్మా, మీ బావగారి మాటే నాతో చాలామంది అన్నారు. కొందరు ఇంకా గట్టిగా అన్నారు.

ఐస్‌క్రీమ్ తిన్న 100 మందిలో 30 మందికి వాంతులయ్యాయనుకోండి. నేరం రుజువైనట్టే కనిపిస్తుంది. తినని 20 మందిలో 6 మందికి కూడా అయితే? అక్కడా నూటికి ముప్పయ్యే. అంటే ఐస్‌క్రీమ్ తిన్నా తినకపోయినా ఒకటే. జబ్బు పడ్డవాళ్ళనే అడిగితే ఈ లెక్క తేలదు, ఎందుకంటే విందులో అందరూ దాదాపు అన్నీ తింటారు.

ఏళ్ళ క్రితం ఉత్తర మద్రాసులో ఒక మండపంలో శనివారం రాత్రి నిశ్చితార్థం. అక్కడా ఐస్‌క్రీమ్ మీదే అనుమానం. నేను "ఏం తిన్నారు?" అని అడిగితే "అన్నీ" అన్నారు. అందుకని విస్తట్లో వడ్డించిన వరసలో ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాను. ఇది తిన్నారా, మారు వడ్డించుకున్నారా, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి వాంతి మొదలైంది? అలా అడుగుతుంటే తొమ్మిదిమంది బయటపడ్డారు. శనివారాలు ఉండేవాళ్ళు. అన్నం ముట్టలేదు, ఇడ్లీ తిన్నారు, ఐస్‌క్రీమ్ రెండేసి కప్పులు లాగించారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. వేంకటేశ్వరస్వామి దయ అన్నారు. కాదనను. కానీ నా అనుమానం అప్పుడే కొబ్బరన్నం మీదికి మళ్ళింది. మధ్యాహ్నం వండి, పెద్ద గుండిగలో మూతపెట్టి రాత్రిదాకా గోరువెచ్చగా ఉంచారట. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాలు ఉడికినా చావవు. ఆ వెచ్చదనంలో పెరిగి విషం విడుస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. కొబ్బరన్నం మారు వడ్డించుకున్నవాళ్ళే ఎక్కువ బాధపడ్డారు.

టైము కూడా సాక్ష్యమే. తిన్న ఆరు గంటల్లోపు వాంతులైతే తిండిలో ముందే తయారైన విషాన్ని అనుమానిస్తాం. పూట గడిచాక జ్వరంతో విరేచనాలు పట్టుకుంటే క్రిమి కడుపులో చేరి పెరిగి ఉండొచ్చు. రోజుకు కొందరు చొప్పున వారంపాటు పడుతుంటే విందును పక్కనపెట్టి కుళాయి నీళ్ళు చూడాలి. మీ బావగారి చేత ఆ ఇద్దరికీ ఒక ఫోన్ చేయించండి. వంటవాళ్ళ నంబర్ కూడా ఇవ్వమనండి. వాళ్ళని పట్టించడానికి కాదు, ఏది ఎప్పుడు వండారో వాళ్ళకే తెలుసు.

ప్రశ్న: మా పెద్దబ్బాయికి ఊపిరితిత్తుల టీబీ. మందులు మొదలై మూడు వారాలైంది. ఎవరెవరితో తిరిగాడో చెప్పమన్నారు. అమ్మాయికి సంబంధం చూస్తున్నాం, టెన్షన్‌తో ఐదుగురికి బదులు ఇద్దరి పేర్లే చెప్పాను. మూడేళ్ళ మనవడికి ఏ జబ్బూ లేదు, వాడికీ మందులంటున్నారు. అబ్బాయిని ఊరికి పంపేద్దామా?
- ఒక తల్లి, వ్యాసర్‌పాడి

జవాబు: పంపకండి తల్లీ. 1956లో మన మద్రాసులోనే ఈ సంగతి పరీక్షించి చూశారు. కొందరు రోగులను శానటోరియంలో ఉంచి, కొందరికి ఇంట్లోనే మందులిచ్చారు. ఇంట్లో ఉంచినవాళ్ళ కుటుంబాలకు అదనంగా ముప్పేమీ రాలేదని తేలింది. ఇంట్లోవాళ్ళకు అంటుకునేది చాలావరకు మందులు మొదలుకాక ముందే. వాళ్ళడిగేది కూడా ఆ దగ్గు రోజుల్లో పక్కన ఉన్నవాళ్ళ గురించే. మిగతా ముగ్గురి పేర్లు ఈ వారమే చెప్పండి. వాళ్ళకు మీ అబ్బాయి పేరు చెప్పకుండానే పరీక్ష చేయించాలి, పద్ధతి అదే. "పేరు ఎక్కడా రానివ్వం కదా?" అని అడిగి మాట తీసుకోండి. మనవడికి జబ్బు లేదని నిర్ధారించుకున్నాకే ఆ మందులిస్తారు. ఐదేళ్ళలోపు పిల్లల్లో టీబీ త్వరగా ముదిరి మెదడు దాకా పోగలదు. అందుకే ముందు జాగ్రత్త. మానిపించకండి.

ప్రశ్న: రెండు వారాల్లో ఎవరెవరిని కలిశారని హెల్త్ వాళ్ళు అడిగితే ఎలా చెప్పాలి? నిన్నటి కూరే గుర్తుండదు.
- ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: తారీఖులతో మొదలుపెట్టకండి. చీటీ పాట ఏ రోజు, అమావాస్య ఏ రోజు, కరెంటు పోయిందెప్పుడు? ఆ రోజులు పట్టుకుని అటూ ఇటూ నడవండి. ఫోన్‌లో డబ్బు పంపిన లెక్క తిరగేయండి. టీ కొట్టు, మందుల షాపు, సెలూన్ అన్నీ టైముతో సహా అందులోనే ఉంటాయి. నగదు చేతులు మారే చోట ఆ వీలుండదు. 2020 మేలో కరోనా వల్ల చెన్నైలోని కోయంబేడు కూరగాయల మార్కెట్ మూసేసరికి కూలీలు, వ్యాపారులు ఎంతోమంది జిల్లాలకు చేరిపోయారు. వాళ్ళ వెనకే కడలూరు, విల్లుపురం, అరియలూరు దాకా కేసులు బయటపడ్డాయి. మీకు అంత కష్టం లేదు. లెక్కలో దొరకనివి మీ ఆవిడను అడగండి.